పొగలోయ మాట్లాడింది!

గాలిలోకి ఎంత పొగ వదలొచ్చో ఎవరు నిర్ణయించాలి? కర్మాగారమా, సర్కారా, ఆ గాలి పీల్చే జనమా? అమెరికాలో పిట్స్‌బర్గ్ పక్కనున్న ఓ నదీలోయ డెబ్భై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నతోనే బతుకుతోంది. వెంకన్న గుడికి వెళ్లే మనవాళ్లకు అది కూతవేటు దూరం.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నల ఆల్బమ్ తెరిస్తే నయాగరా జలపాతం తర్వాత తరచూ కనిపించే ఫొటో ఒకటుంటుంది. పచ్చటి కొండవాలు, తెల్లటి గోపురం, దాని ముందు పట్టుచీరా స్వెట్టరూ వేసుకున్న అమ్మ! పిట్స్‌బర్గ్ శివారు పెన్‌హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి ఆలయమది. 1970లలో కట్టిన ఈ గుడి అమెరికాలోని తొలి హిందూ దేవాలయాల్లో ఒకటి. చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి కూడా గంటల తరబడి కారు నడుపుకుంటూ వస్తారు మనవాళ్లు. దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర, పెరుగన్నం తిని, ఆ తర్వాత ఊరు చూడ్డానికి బయల్దేరతారు.

ఊరంటే ముందు సంగమం. అలెఘెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారేది ఇక్కడే. మన త్రివేణి సంగమంతో పోల్చుకుని మురిసిపోతారు భక్తులు. 1877 నుంచీ కొండమీదికి పాకుతున్న డ్యూకేన్ ఇన్‌క్లైన్ అనే చిన్న రైలుపెట్టె ఎక్కితే ఆ దృశ్యమంతా కళ్లముందు పరుచుకుంటుంది. అద్దాల మేడలు, పసుపురంగు వంతెనలు, నీలాకాశం.

ఆ ఆకాశం ఎప్పుడూ అలా లేదు. 1940ల్లో తీసిన ఫొటోల్లో అదే ఊరు పట్టపగలే వీధిదీపాలు వెలిగించుకుని కనిపిస్తుంది. ఉక్కు మిల్లులు, రైలింజన్లు, ఇంటింటి కుంపట్లు... అన్నింటికీ బొగ్గే. ఆఫీసుకు వెళ్లేవాళ్లు మధ్యాహ్నానికి మార్చుకోవడానికి ఇంకో చొక్కా వెంట తీసుకెళ్లేవారు. నగరపాలక సంస్థ 1941లో పొగ నియంత్రణ చట్టం చేసింది. యుద్ధం వచ్చి దాని అమలు ఆగిపోయింది. 1946లో పరిశ్రమలకూ, ఆ మరుసటేడు ఇళ్లకూ వర్తింపజేశాక ఆకాశం కాస్త తేటపడింది.

అయితే ఆ చట్టం నగరం హద్దుల్లోనే. మొనాంగహేలా నది వెంట ఎగువకు వెళ్తే అసలైన పొగలోయ మొదలవుతుంది. అక్కడ ఏ చట్టమూ లేదు.

మూతపడిన లోయ

నది వెంట దక్షిణానికి వెళ్తే డొనోరా అనే ఊరు వస్తుంది. పిట్స్‌బర్గ్ నుంచి కారులో గంటలోపు ప్రయాణం. ఇక్కడ నది గుర్రపునాడాలా వంపు తిరుగుతుంది. రెండువైపులా నిట్టనిలువు కొండలు. మధ్యలో గిన్నె అడుగున ఉన్నట్టుంటుంది ఊరు. ఒకప్పుడు ఏటి ఒడ్డున దాదాపు మూడు మైళ్ల పొడవునా మిల్లులే. ఓ చివర ఉక్కు, తీగల కర్మాగారం. మరో చివర 1915లో మొదలైన జింకు కర్మాగారం. రెండూ ఒకే కంపెనీవి. ఊళ్లో దాదాపు పద్నాలుగు వేలమంది. పొగ వస్తోందంటే పని ఉందని లెక్క. పొగ ఆగితేనే భయం!

1948 అక్టోబరు చివరి వారం. చలికాలం మొదలవుతున్న రోజులు. మామూలుగా నేల దగ్గరి గాలి వెచ్చగా ఉండి పైకి లేస్తుంది, పొగను కూడా తీసుకుపోతుంది. ఆ వారం అది తిరగబడింది. చల్లటి గాలి లోయ అడుగున పేరుకుపోయింది. దానిమీద వెచ్చటి గాలి పొర గిన్నెకు మూత పెట్టినట్టు కూర్చుంది. కింద కొలిములు మండుతూనే ఉన్నాయి. గంధకం, లోహపు ధూళి కలిసిన పొగ పైకి పోలేక వీధుల్లోనే తిరిగింది.

శుక్రవారం రాత్రి పిల్లల హాలోవీన్ ఊరేగింపు జరిగింది. ఊరేగింపులో ఎవరెవరున్నారో గట్టున నిలబడ్డవాళ్లకు కనిపించలేదు. శనివారం హైస్కూలు ఫుట్‌బాల్ పోటీ కూడా ఆగలేదు. ప్రేక్షకులకు బంతి కనిపించదు, కేకలు మాత్రం వినిపిస్తాయి. ఆట మధ్యలో ఓ కుర్రాణ్ణి మైకులో పిలిచి వెంటనే ఇంటికి వెళ్లమన్నారు. అతను వెళ్లేసరికి తండ్రి లేడు.

అంబులెన్సు ముందు ఓ మనిషి నడుస్తూ దారి చూపాల్సి వచ్చింది. అగ్నిమాపక సిబ్బంది ఆక్సిజన్ సిలిండర్లు మోసుకుంటూ ఇంటింటికీ వెళ్లి, ఒకరికి నాలుగు ఊపిరులు అందించి, మరో ఇంటికి పరుగెత్తేవారు. వైద్యులు ఉబ్బసం ఉన్నవాళ్లను ఊరు విడిచి వెళ్లమన్నారు. ఎలా వెళ్తారు? రోడ్డు కనిపిస్తేగా! ఊరి సామాజిక భవనం కింది అంతస్తు శవాగారమైంది. జింకు కొలిములు మాత్రం ఆదివారం ఉదయం దాకా ఆరలేదు. అదేరోజు వానపడింది. మూత తెరుచుకుంది.

అప్పటికి ఆ పొగ ఇరవైమంది ప్రాణాలు తీసింది. 1949లో వెలువడ్డ ప్రభుత్వ ఆరోగ్య సర్వే ప్రకారం లోయలో దాదాపు ఆరువేల మంది, అంటే జనాభాలో నూటికి 43 మంది జబ్బుపడ్డారు. అమెరికా బేస్‌బాల్ దిగ్గజం స్టాన్ మ్యూజియల్ పుట్టింది ఈ ఊళ్లోనే. అతని తండ్రి కూడా ఆ పొగకు జబ్బుపడి, అదే ఏడాది డిసెంబరులో కన్నుమూశాడు.

అడిగినవాళ్లు లేరు

కంపెనీ దీన్ని దైవఘటన అంది. బాధిత కుటుంబాలు కోర్టుకెళ్లాయి. 1951లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే అందరికీ కలిపి సుమారు రెండు లక్షల ముప్ఫై అయిదువేల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. అందులో లాయర్ల ఖర్చులు పోగా ఇంటికి చేరింది ఎంతో ఊహించుకోవచ్చు.

నదికి ఆవలి ఒడ్డున వెబ్‌స్టర్ అనే పల్లె ఉంది. జింకు పొగ గాలివాటున నేరుగా వెళ్లేది అక్కడికే. అక్కడి రైతులు అంతకు ముప్ఫై ఏళ్ల ముందునుంచే మొత్తుకుంటున్నారు. తోటలు ఎండిపోతున్నాయనీ, కొండమీద గడ్డి కూడా మొలవడంలేదనీ కోర్టుల చుట్టూ తిరిగారు. దుర్ఘటన తర్వాత వాళ్లంతా ఓ సంఘం పెట్టుకున్నారు. వాళ్లు కోరింది రెండే... మంచి గాలి, పచ్చగడ్డి.

అంటే ఊరికి పొగ సంగతి తెలియక కాదు. తెలుసు. చెప్పారు కూడా. వినాల్సిన బాధ్యత మాత్రం ఏ ఆఫీసుకూ లేదు. డొనోరా ప్రజలు పోగొట్టుకున్న వాటిలో ప్రాణాల తర్వాత లెక్కవేయాల్సింది ఇదే.

జింకు కర్మాగారం 1957లో మూతపడింది. పదేళ్లు తిరక్కుండా ఉక్కు మిల్లు కూడా పోయింది. పొగ పోయింది, పనీ పోయింది. 2020 జనాభా లెక్కల ప్రకారం డొనోరాలో మిగిలింది నాలుగున్నర వేలమంది. ఇప్పుడు ప్రధాన వీధి మెకీన్ అవెన్యూలో సగం దుకాణాల మీద బోర్డులుండవు. ఆ వీధిలోనే ఓ చిన్న మ్యూజియం ఉంది. దుర్ఘటన జరిగి అరవై ఏళ్లయిన సందర్భంగా 2008లో తెరిచారు. లోపల ఆనాటి ఫొటోలు, పత్రికలు, మిల్లు పనిముట్లు. బయట బోర్డుమీద మాత్రం ఏడుపు కనిపించదు, గర్వం కనిపిస్తుంది. స్వచ్ఛమైన గాలి ఇక్కడే మొదలైందని రాసుకున్నారు!

ఆ మాటలో అతిశయోక్తి కొంతే. డొనోరా తర్వాతే గాలి కాలుష్యం దేశం మొత్తానికి సంబంధించిన సంగతయింది. 1950లో జాతీయ సదస్సు జరిగింది. 1955లో తొలి ఫెడరల్ చట్టం, 1963లో స్వచ్ఛవాయు చట్టం, 1970లో దానికి కోరలు తొడిగిన సవరణ వచ్చాయి. ఆ ఏడాది చివర్లోనే పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ పుట్టింది.

రాస్తే... జవాబివ్వాల్సిందే!

చట్టం చేయడం ఒక ఎత్తు. ఏ పొగగొట్టం ఎంత వదలాలి, ఏ లెక్కన కొలవాలి, తప్పుచేస్తే ఏం చేయాలి... ఈ వివరాలు రాసేది అధికారులు. వాటినే నిబంధనలంటారు. గాలి బాగుపడేదీ, పాడయ్యేదీ నిజానికి ఆ నిబంధనల్లోనే.

1946లోనే, అంటే డొనోరాకు రెండేళ్ల ముందే, అమెరికా ఓ పద్ధతి పెట్టుకుంది. ఏ శాఖయినా నిబంధన పెట్టేముందు దాని ముసాయిదాను ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చువేయాలి. మన గెజిట్ లాంటిదన్నమాట. ఇంత గడువులోగా అభిప్రాయాలు చెప్పండని అడగాలి. అప్పట్లో గాలి గురించి నిబంధనలు రాసే ఆఫీసే లేదు కాబట్టి ఆ పద్ధతి డొనోరాకు అక్కరకు రాలేదు. 1970 తర్వాత అదే పద్ధతి గాలి విషయంలో పెద్ద ఆయుధమైంది. 1977లో మరో మెట్టు ఎక్కింది. గాలికి సంబంధించిన ముఖ్య నిబంధనలపై జనం నోటితో చెప్పుకునే అవకాశం కల్పించాలనీ, ఆ తర్వాత కూడా నెలరోజులపాటు రాతపూర్వకంగా తీసుకోవాలనీ చట్టంలోనే రాశారు.

ఎవరు చెప్పొచ్చు? ఎవరైనా! లాయరు కానక్కర్లేదు, సైంటిస్టు కానక్కర్లేదు. ఆ దేశ పౌరులే కావాలన్న షరతు కూడా లేదు. హెచ్1 వీసా మీద పనిచేస్తున్న మన కుర్రాడైనా, వాళ్లింటికి వెళ్లిన అత్తగారైనా రాయొచ్చు.

ఇదేమీ ఓటింగు కాదు. పదివేల మంది ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టి పంపినా, ఒకే ఒక్కరు లెక్కలతో రాసినా అధికారులు చూసేది అందులోని విషయాన్నే. అసలు బలం ఇంకోచోట ఉంది. ముఖ్యమైన ప్రతి అభ్యంతరానికీ ఆ శాఖ జవాబు రాయాలి. ఒప్పుకుంటే ఎందుకు మార్చిందో, ఒప్పుకోకపోతే ఎందుకు మార్చలేదో చెప్పాలి. కొన్నిసార్లు నిబంధన కంటే ఆ జవాబుల పుస్తకమే లావుగా ఉంటుంది! చెప్పకుండా దాటేస్తే తర్వాత కోర్టులో నిబంధన నిలవడం కష్టం. వెబ్‌స్టర్ రైతులకు ముప్ఫై ఏళ్లు దొరకనిది ఈ జవాబే.

గెర్టీ బిస్కెట్ల సంఘం

ఈ హక్కును పొగలోయ జనం తొలిసారి గట్టిగా వాడింది 1969లో. గాలి ప్రమాణాలు పెట్టేముందు రాష్ట్రాలు బహిరంగ విచారణ జరపాలని అంతకు రెండేళ్ల ముందే ఫెడరల్ చట్టం వచ్చింది. పెన్సిల్వేనియా అధికారులు ముసాయిదా పట్టుకుని పిట్స్‌బర్గ్ వచ్చారు. ఇలాంటి సమావేశాలకు అంతవరకూ కంపెనీల ఇంజినీర్లు, లాయర్లే హాజరయ్యేవారు. ఈసారి హాలు నిండిపోయింది. గృహిణులు, ప్రొఫెసర్లు, డాక్టర్లు, కార్మిక నాయకులు... ఒకరి తర్వాత ఒకరు లేచారు. చివరికి ముసాయిదాలో ఉన్నదానికంటే కఠినమైన ప్రమాణాలే వచ్చాయి.

ఆ వేడిలోనే గ్యాస్ప్ అనే సంఘం పుట్టింది. పొగకూ కాలుష్యానికీ వ్యతిరేక బృందం అని అర్థమొచ్చే ఇంగ్లిషు మాటల పొడి అక్షరాలవి. కలిపి చదివితే ఊపిరందక ఎగశ్వాస తీయడమని అర్థం! స్థాపకుల్లో ఒకరైన మిషెల్ మడాఫ్ ఆ తర్వాత నగర కౌన్సిల్ సభ్యురాలయ్యారు. సంఘం ఖర్చులకు డబ్బెలా? డర్టీ గెర్టీ అని మసిపట్టిన ఓ పిట్టను గుర్తుగా పెట్టుకున్నారు. ఆ పిట్ట ఆకారంలో బిస్కెట్లు చేసి అమ్మారు. ఆ డబ్బుతో శాస్త్రీయ వివరాలు సేకరించి, విచారణల్లో ఎలా మాట్లాడాలో జనానికి నేర్పారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది.

రెండేళ్లు తిరక్కుండా 1971 మేలో పెన్సిల్వేనియా ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించుకున్నారు. స్వచ్ఛమైన గాలి, నీరు ప్రజల హక్కు అని అందులో చేరింది.

ఒక వీధి, రెండు ఊరేగింపులు

విచారణ అంటే అందరూ ఒకేమాట మీద ఉంటారనుకుంటే పొరపాటే. 2014 జులై 31, ఆగస్టు 1 తేదీల్లో పిట్స్‌బర్గ్ నడిబొడ్డున ఉన్న ఫెడరల్ భవనంలో ఈపీఏ రెండురోజుల విచారణ పెట్టింది. విద్యుత్ కేంద్రాలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించే ముసాయిదా మీద దేశం మొత్తంలో నాలుగు నగరాల్లో జరిపిన విచారణల్లో ఇదొకటి.

లోపల ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. పిల్లల ఇన్‌హేలర్ చూపించి మాట్లాడే తల్లి పక్కనే, గని మూతపడితే పిల్లల చదువేంటని అడిగే తండ్రి. బయట వీధిలో బొగ్గుగని కార్మికులు వేలమంది ఊరేగింపుగా కదిలారు. భవనం ముందు బైఠాయించిన కార్మిక సంఘం నాయకుల్ని పోలీసులు అరెస్టు చేశారు. అదే వీధుల్లో పర్యావరణవాదుల సభలూ జరిగాయి. డొనోరాను చూసిన లోయకు రెండువైపుల బాధా తెలుసు. ఊపిరి పోయిన ఊళ్లెలా ఉంటాయో తెలుసు. మిల్లుపోయిన ఊళ్లెలా ఉంటాయో కూడా తెలుసు.

ఆ ముసాయిదా మీద దేశం మొత్తంలో వచ్చిన అభిప్రాయాలు 43 లక్షలు! మార్పులతో 2015లో నిబంధన వెలువడింది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాని అమలు నిలిపేసింది. 2019లో తర్వాతి ప్రభుత్వం రద్దుచేసింది. 2022లో సుప్రీంకోర్టు అసలు అలాంటి నిబంధన పెట్టే అధికారమే ఈపీఏకి లేదంది. 43 లక్షల మంది మాట్లాడిన నిబంధన ఒక్కరోజు కూడా అమలు కాలేదు. జనం చెప్పడం, అధికారులు వినడం... ఈ రెండింటి తర్వాత కూడా దాటాల్సిన గుమ్మాలున్నాయి.

ముక్కే సాక్షి

ఈ లోయలో అన్ని మిల్లులూ పోలేదు. 1898 నాటి కెన్నీవుడ్ వినోదాల పార్కులో రోలర్ కోస్టర్ ఎక్కిన పిల్లలు పైకి వెళ్లగానే నదికి అవతల పొగగొట్టాల్ని చూస్తారు. అది ఆండ్రూ కార్నెగీ 1875లో ప్రారంభించిన ఎడ్గార్ థామ్సన్ ఉక్కు కర్మాగారం. నూటయాభై ఏళ్లు దాటినా పనిచేస్తూనే ఉంది. దానికి కావాల్సిన కోక్ వచ్చేది నది ఎగువనున్న క్లెయిర్టన్ నుంచి. అమెరికాలో అతిపెద్ద కోక్ కర్మాగారం అదే. బొగ్గును గాలి తగలకుండా గంటల తరబడి కాలిస్తే కోక్ తయారవుతుంది. ఆ బట్టీల తలుపులు ఏమాత్రం సరిగా మూసుకోకపోయినా విషవాయువులు బయటపడతాయి. ఈ కర్మాగారాలన్నీ యూఎస్ స్టీల్‌వి. 2025 జూన్‌లో ఆ కంపెనీని జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్ కొనేసింది.

2018లో క్రిస్మస్‌కు ముందురోజు క్లెయిర్టన్‌లో మంటలు చెలరేగి కాలుష్య నియంత్రణ యంత్రాలు దెబ్బతిన్నాయి. వాటిని బాగుచేసేందుకు నెలలు పట్టింది. 2025 ఆగస్టు 11న పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. కర్మాగారానికి అందరికంటే దగ్గరగా ఉండేది కార్మికులే కదా.

గాలి కదలని ఉదయాల్లో ఇప్పటికీ ఇక్కడ కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. ఒకప్పుడు ఫోన్‌చేసి చెబితే విని ఊరుకునేవారు. 2016లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు స్మెల్ పిట్స్‌బర్గ్ అనే యాప్ తయారుచేశారు. వాసన ఎంత ఘాటుగా ఉంది, ఎక్కడ, ఎప్పుడు అని నొక్కితే చాలు. ఆ ఫిర్యాదు కౌంటీ ఆరోగ్యశాఖకు చేరుతుంది. అందరికీ కనిపించేలా మ్యాపు మీద రంగుచుక్కై నిలుస్తుంది. నిరూపణ ఏదని అడిగే విచారణల్లో ఆ చుక్కలే సాక్ష్యాలు.

2021లో అలెఘెనీ కౌంటీ ఓ కొత్త నిబంధన తెచ్చింది. ముసాయిదా పెట్టి, జనం మాట విని, మార్పులుచేసి మరీ తెచ్చింది. లోయలోని 32 చిన్నచిన్న పట్టణాలు దాని పరిధిలోకి వస్తాయి. వాతావరణ అంచనా ప్రకారం గాలి స్తంభించి, సూక్ష్మధూళి పరిమితి దాటుతుందనిపిస్తే అధికారులు హెచ్చరిక జారీచేస్తారు. అలాంటప్పుడు పొగ తగ్గించేందుకు ఏంచేయాలో ప్రతి పెద్ద కర్మాగారం ముందే ప్రణాళిక రాసి ఇవ్వాలి. హెచ్చరిక రాగానే దాన్ని అమలుచేయాలి.

ఒక్కసారి 1948లోకి వెళ్దాం. ఆ మంగళవారమో బుధవారమో ఎవరైనా మూత పడుతోందని చెప్పి, కొలిముల్ని తగ్గించమని ఆదేశించి ఉంటే? డొనోరాకు లేకపోయిన ఆ ఒక్క వాక్యం 73 ఏళ్ల తర్వాత నిబంధనల పుస్తకంలోకి ఎక్కింది. డొనోరా పక్క కౌంటీలోది కాబట్టి ఈ నిబంధన ఆ ఊరికి మాత్రం వర్తించదు. అక్కడ ఆపడానికి మిల్లులూ లేవనుకోండి!

ఒక్క సంతకం

నిబంధన పుట్టడానికి ఏళ్లు పడుతుంది. పోవడానికి ఒక్కోసారి సంతకం చాలు. 2024 ఫిబ్రవరిలో ఈపీఏ గాలిలో సూక్ష్మధూళి ఏడాది సగటు పరిమితిని ఘనపు మీటరుకు 12 మైక్రోగ్రాముల నుంచి 9కి తగ్గించింది. దానికి ముందు దాదాపు ఏడులక్షల అభిప్రాయాలు వచ్చాయి. ప్రభుత్వం మారింది. 2025 నవంబరులో ఆ పరిమితిని కొట్టేయమని కోర్టును ఈపీఏయే కోరింది. అదే నెలలో కోక్ కర్మాగారాలకు 2024 నాటి కొత్త నిబంధన నుంచి రెండేళ్ల మినహాయింపు ఇస్తూ అధ్యక్షుడి ప్రకటన వెలువడింది. నిబంధన తేవడానికి ముసాయిదా, విచారణ, జవాబుల పుస్తకం అన్నీ కావాల్సొచ్చాయి. మినహాయింపుకు అవేవీ అక్కర్లేదు.

మరి మనదగ్గర? 1986 నాటి మన పర్యావరణ పరిరక్షణ నియమాల్లోనూ ముసాయిదాను గెజిట్‌లో పెట్టి అరవై రోజులు అభ్యంతరాలు తీసుకునే పద్ధతి ఉంది. 2020లో పరిశ్రమల పర్యావరణ అనుమతులపై కేంద్రం కొత్త ముసాయిదా తెచ్చినప్పుడు లక్షల సంఖ్యలో ఈమెయిళ్లు వెళ్లాయి. ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటే మిగతావాళ్లకు ఎలా తెలుస్తుందన్న ప్రశ్న ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని కోర్టు ఆదేశించింది. గడువునూ పొడిగించింది. చదివి అర్థంచేసుకోలేని ముసాయిదాపై అభిప్రాయం అడగడం వెబ్‌స్టర్ రైతులను వినకపోవడం కంటే ఎంతో మెరుగేమీ కాదు.

పొగలోయలో ఏ కౌంటీ సమావేశానికి వెళ్లినా ఇప్పుడు కనిపించే దృశ్యం ఒకటే. ముందు వరుసలో తెల్లజుట్టు పెద్దవాళ్లు, వెనక డ్యూటీ దిగి నేరుగా వచ్చిన కార్మికులు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న అమ్మలు. మైకు దగ్గర వరస. పక్కన గడియారం. ఓడినా గెలిచినా వాళ్లు మళ్లీ వస్తారు. ఎందుకంటే అక్కడ చెప్పింది రికార్డులోకి ఎక్కుతుంది. రేపు ఎవరూ మాకు తెలియదనలేరు.

చూడాలనుకుంటే...

పెన్‌హిల్స్ ఆలయం నుంచి కెన్నీవుడ్ పార్కు, బ్రాడక్ మిల్లు కారులో దగ్గరే. అక్కడినుంచి నది వెంటే క్లెయిర్టన్ మీదుగా డొనోరా వెళ్లొచ్చు. డొనోరా స్మాగ్ మ్యూజియాన్ని స్థానిక చరిత్ర సంఘం వలంటీర్లు నడుపుతారు. రోజూ తెరవరు కాబట్టి వేళలు ముందే కనుక్కుని వెళ్లాలి. ఊళ్లోనే సిమెంట్ సిటీ అనే పేట ఉంది. 1916-17ల్లో మిల్లు ఉద్యోగుల కోసం కాంక్రీటును అచ్చుల్లో పోసి కట్టిన ఇళ్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. డొనోరానూ వెబ్‌స్టర్‌నూ కలిపిన పాత వంతెనను 2015లో కూల్చేశారు. మ్యూజియల్ పేరు పెట్టిన మరో వంతెన మీదుగా నది దాటొచ్చు. ఆవలి ఒడ్డున వెబ్‌స్టర్ కొండకేసి తప్పకుండా చూడండి. ఒకప్పుడు గడ్డి కూడా మొలవని ఆ వాలు ఇప్పుడు చెట్లతో నిండిపోయి ఉంటుంది.